చూచినదీ, విన్నదీ: ఎడ్గార్ స్నో ఆసియా రచనలు

పత్రికకు వ్రాసిన వ్రాతకు సాహిత్యపు పంక్తిలో విస్తరి వేయవచ్చునా అన్న ప్రశ్న విమర్శకులకు కొత్తది కాదు. తెల్లవారితే పాతబడే వార్తకూ తరాలు నిలిచే కావ్యానికీ పొత్తు కుదరదని పెద్దలు తీర్పు చెప్పి ఊరకున్నారు. అయినా కొన్ని గ్రంథాలు ఆ తీర్పుకు లోబడవు. 1937లో లండనులో గొలాంజ్ సంస్థ ప్రచురించిన 'రెడ్ స్టార్ ఓవర్ చైనా' అట్టిది. దానిని వ్రాసిన ఎడ్గార్ స్నో అమెరికా దేశపు విలేఖరి; చరిత్రకారుడు కాడు, చైనా భాషాపండితుడు అసలే కాడు. అయినా ఆధునిక చైనా చరిత్ర వ్రాయబూనిన పండితుడెవడూ ఆ పుస్తకాన్ని తప్పించుకొని పోలేకపోయాడు. అదే రచయిత 1962లో 'ది అదర్ సైడ్ ఆఫ్ ది రివర్' అనే బృహద్గ్రంథాన్ని ప్రకటించాడు. ఈనాడు దానిని తెరిచేవారు అందులో ఉన్నదానికంటె లేనిదానికోసమే ఎక్కువగా వెదకుతున్నారు. ఒకే మనిషి, ఒకే దేశాన్ని గురించి, ఇంచుమించు ఒకే పద్ధతిలో వ్రాసిన రెండు గ్రంథాలకు ఇంత భిన్నమైన గతి ఎందుకు పట్టినదో విచారించడం, పరభాషా సాహిత్యంతో నిత్యమూ పనిపడే మన రచయితలకు వ్యర్థప్రయాస కాబోదు.

స్నో 1905లో మిస్సోరీ రాష్ట్రంలోని కాన్సస్ సిటీలో పుట్టాడు. న్యూయార్కులో ప్రకటనల వ్యాపారంలో కొంతకాలం పనిచేసి, లోకం చుట్టి రావలెనన్న కుతూహలంతో బయలుదేరి 1928లో షాంఘై చేరాడు. కొద్దివారాలు ఉండి పోదామనుకొన్నవాడు పదమూడేళ్ళు ఆ దేశాన్ని పట్టుకొని ఉండిపోయాడు. జె. బి. పవెల్ నడిపే 'చైనా వీక్లీ రివ్యూ'లో ఉద్యోగం దొరికినది. ఆనాటి షాంఘైలో విదేశీ విలేఖరి బ్రదుకు సుఖమైనది. తెల్లవారి పేటలలో నివాసం, క్లబ్బులలో సాయంకాలం, ప్రభుత్వం వారు పంచిపెట్టే ప్రకటనలే వార్తలు. దేశపు లోపలి భాగాలలో ఏమి జరుగుతున్నదో స్వయంగా పోయి చూడవలసిన అవసరం చాలామందికి కనబడలేదు. స్నోకు కనబడినది, ఆ కనబడడానికి కారణం కరువు.

1929లో అతడు రైలుదారి వెంట వాయవ్యంగా సుయియువాన్ ప్రాంతానికి వెళ్ళాడు. అప్పటికే అక్కడ వానలు లేక, పంటలు లేక లక్షలాది జనం నశిస్తున్నారు. సరాట్సీ అనే ఊరిలో చూచిన దృశ్యాలను అతడు తరువాత 'రెడ్ స్టార్'లో వర్ణించాడు. ఎముకలకు అంటుకొన్న చర్మం, బెరడు ఒలిచిన చెట్లు, అమ్ముకొనడానికి దూలాలు పీకివేసిన ఇండ్లు, వీథిలో పడి ఉన్న శవాలు. ఇంతవరకు వ్రాయడం జాలిగుండె ఉన్న ఏ విలేఖరికైనా సాధ్యమే. స్నో అంతటితో ఆగలేదు. అదే ఊళ్ళలో గింజలు దాచినవారూ, వడ్డీవ్యాపారులూ ఆయుధాలు పట్టిన కాపలావాండ్ర చాటున క్షేమంగా ఉండడం అతడు చూచాడు. పెకింగులో, టీన్‌ట్సిన్‌లో గోధుమలూ చిరుధాన్యాలూ రాశులు పడి ఉన్నా, సేనానాయకులు రైలుపెట్టెలను తమ గుప్పిట్లో పెట్టుకొని కదలనీయకపోవడం చూచాడు. కరువంటే ఆకాశం చేసిన పాపమేకాదు, మనుష్యులు చేసిన ఏర్పాటు కూడా అని ఇరవైనాలుగేళ్ళ యువకుడు గ్రహించాడు. కరువులకు నందన కరువు, ధాత కరువు అని ఆయా సంవత్సరాల పేర్లు పెట్టుకొని తలచుకొనే మన ప్రాంతపు పాఠకులకు ఈ పుటలలోని సత్యం వేరొకరు విప్పి చెప్పనక్కరలేదు. స్నో రచనలన్నింటికీ బీజం ఇక్కడ పడినది. అతని రచనలలోని పెద్ద లోటును కొలవడానికి కొలబద్ద కూడా ఇక్కడే దొరుకుతుంది.

1931లో అతడు బర్మా మీదుగా భారతదేశానికి వచ్చాడు, గాంధీజీని చూచాడు. ఆ తొలి దర్శనంలో మహాత్ముడు అతనిని అంతగా ఆకర్షించలేదు. 1948లో మళ్ళీ ఇక్కడ ఉన్నప్పుడు గాంధీజీ హత్య జరిగినది. అప్పుడు 'శాటర్డే ఈవెనింగ్ పోస్టు'కు వ్రాసిన వ్యాసంలో పాత అంచనాను అతడే దిద్దుకొన్నాడు. తన తూకం తప్పినదని తెలిస్తే మళ్ళీ తూచే గుణం స్నోకు ఉండేదనడానికి ఇది సాక్ష్యం. ఆ గుణం అన్నిచోట్లా పనిచేయకపోవడమే విచారించవలసిన సంగతి.

స్నోకు చైనా భాష కొంత వచ్చును. నలుగురిలో మాటలాడగలిగినంత, సాహిత్యం స్వయంగా చదివి తెనిగించినట్లు ఇంగ్లీషు చేయలేనంత. ఇది అతనికీ తెలుసు. 1936లో లండనులో వెలువడిన 'లివింగ్ చైనా' అనే కథాసంకలనంలో లూ షున్ మొదలైన ఆధునిక రచయితలను అతడు ఇంగ్లీషు పాఠకులకు పరిచయం చేశాడు. యావో షిన్‌నుంగ్ మొదలైన చైనీయ మిత్రులు తోడుండి అర్థం చెప్పగా, వాక్యం తీర్చిన చేయి స్నోది. పండితులు ఇట్టి అనువాదాన్ని మెచ్చరు. మూలంలోని పొదుపు, వెటకారం కొన్నిచోట్ల జారిపోయిన మాట నిజం. అయితే సంకలనం చేసిన మేలు మరొకటి ఉన్నది. చైనా ప్రజలను గురించి తెల్లవారు వ్రాసిన పుస్తకాలే చదువుతున్న కాలంలో, ఆ ప్రజలు తమను గురించి తాము ఏమి వ్రాసుకొంటున్నారో వినిపించవలెనని ఒక విలేఖరికి తోచడం సామాన్యవిషయం కాదు. ఇతరుని మాటను ఇతరుని మాటగానే అందించే శిక్షణ అతనికి ఈ పనిలో అబ్బినది. 'రెడ్ స్టార్'కు అది రంగస్థలాన్ని సిద్ధం చేసినది.

1936 జూనులో స్నో పెకింగు విడిచి షియాన్ మీదుగా వాయవ్యంలోని కమ్యూనిస్టు ప్రాంతానికి బయలుదేరాడు. సన్ యట్-సేన్ భార్య సూంగ్ చింగ్-లింగ్ ఆ ప్రయాణానికి తెరచాటున తోడ్పడినది. ప్రభుత్వసేనలు చుట్టుముట్టి, వార్తలు పొక్కకుండా బిగించిన ప్రదేశమది. లోపల ఉన్నవారు మనుష్యులో, దొంగల ముఠాయో, అసలు బ్రతికి ఉన్నారో లేదో వెలుపలివారికి తెలియదు. పావో ఆన్ అనే చిన్న ఊరిలో, కొండను తొలిచిన గుహలో, రాత్రుళ్ళు కొవ్వొత్తి వెలుగున మావో చెప్పగా స్నో వ్రాసుకొన్నాడు. వ్రాసుకొన్నాడన్న ఈ మాటలో ఉన్న చిక్కు విప్పి చూడదగినది.

మావో హూనాన్ యాసలో చెబుతాడు. వూ లియాంగ్-పింగ్ ఇంగ్లీషు చేస్తాడు. స్నో ఇంగ్లీషులో వ్రాసుకొంటాడు. ఆ వ్రాతను మళ్ళీ చైనా భాషలోకి మార్చి మావోకు చూపుతారు. మావో దిద్దుతాడు. దిద్దిన పాఠాన్ని మరల ఇంగ్లీషు చేసి స్నోకు ఇస్తారు. మావో తన జీవితకథను ఇంత విపులంగా మరెవరికీ చెప్పలేదు. లోకం చదివిన ఆ కథ ఇట్లు భాష నుంచి భాషకు మూడు పర్యాయాలు దాటి వచ్చినది. 1938లో షాంఘైలో హూ యూ-చీ ప్రభృతులు గ్రంథాన్నంతా చైనా భాషలోకి అనువదించినప్పుడు నాలుగవ పర్యాయం దాటినది. నిషేధాన్ని తప్పించుకొనడానికి వారు పెట్టిన పేరు 'పశ్చిమయాత్రా విశేషాలు' వంటిది. అటకమీది యాత్రాగ్రంథమనుకొని అధికారి పక్కన పెట్టవలెనని యుక్తి. తమ నాయకుని బాల్యాన్ని, తండ్రితో అతనికి పడిన తగవులను, చదువును గురించి చైనా యువకులు ఒక అమెరికను వ్రాసిన పుస్తకానికి అనువాదం ద్వారా తెలిసికొన్నారు. సాహిత్యచరిత్రలో ఇటువంటి ప్రయాణం చేసిన గ్రంథాలు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని కూడా ఉండవు.

ఈ పద్ధతి వలన లాభమూ ఉన్నది, నష్టమూ ఉన్నది. చెప్పినవాడే దిద్దినాడు గనుక మాట తప్పుపోలేదు. చెప్పినవాడే దిద్దినాడు గనుక అతడు చెప్పదలచనిది ఏదీ మిగలలేదు కూడా. మన తీరంలో కుంపెనీ కాలపు దొరలకు దుబాసీలు ఉండేవారు. దొర చెవికి చేరేదంతా దుబాసీ నోట వడగట్టినదే. స్నో విషయంలో వడపోత మరొక మెట్టు పైకి పోయి, వక్త చేతికే చిక్కినది. సంజయునికి దివ్యదృష్టి ఉన్నది, దుబాసీతో పని లేదు. పైగా తన మాట వినే రాజుకు రుచించని సంగతులనే అతడు ఎక్కువగా చెప్పవలసి వచ్చినది. విలేఖరికి ఆ వరాలు లేవు.

అయినా 'రెడ్ స్టార్' నిలబడినది. ఎందుచేతనంటే అందులో విన్నదాని పక్కనే చూచినది ఉన్నది. మావో రాజకీయసిద్ధాంతాన్ని విప్పి చెబుతూ, పరధ్యానంగా నడుముపట్టీ మడచి పేలు వెదకుకొనడం స్నో వ్రాశాడు. ఆ సంగతి దిద్దుబాటుకు లోబడినది కాదు, దుబాసీ చెప్పినది కాదు. సైన్యంలో తిరిగే పదిపన్నెండేళ్ళ పిల్లలు, తమను పిలవవలసినట్లు గౌరవంగా పిలిచేదాకా పలకకపోవడం వ్రాశాడు. రంగుతెర లేని నాటకప్రదర్శనలు, సరకుల ధరలు, జీతాల లెక్కలు, సరిహద్దు సైనికుల మాటలు, ఇవన్నీ ఆ నాలుగునెలలలో తాను తిరిగి పోగుచేసినవి. కన్ను చెవిని నిలదీస్తూ ఉన్నంతవరకు వాక్యంలో ప్రాణమున్నది. కన్ను లేనిచోట తేడా తెలుస్తుంది. 1935లో తాతూ నదిపై లూటింగ్ గొలుసువంతెనను ఎర్రసైనికులు దాటిన కథ ఇందుకు ఉదాహరణం. స్నో ఆ మహాయాత్రలో లేడు, అంతా విన్నది. ఆ పుటలు వీరగాథలాగా సాగుతాయి, చదువరి ఊపిరి బిగబట్టి చదువుతాడు. అక్కడ జరిగిన పోరు ఎంతటిదన్న సంగతి తరువాతి చరిత్రకారులలో వివాదాస్పదమైనది. రసం ఎక్కువైన చోటనే సాక్ష్యం పలుచబడినదని విమర్శకుడు గుర్తింపక తప్పదు.

గ్రంథంలో దాపరికాలు కూడా లేకపోలేదు. ఆ ప్రయాణంలో తనతో వచ్చిన వైద్యుడు జార్జి హాతెం పేరు, ఆయన కోరినందున, తొలిముద్రణలలో రాలేదు. కొమింటర్న్‌ను విమర్శించిన కొన్ని భాగాలను, అమెరికన్ కమ్యూనిస్టుల కినుక చూచిన పిమ్మట, 1938 నాటి సవరించిన ముద్రణలో స్నో తగ్గించాడు. మొదటిది స్నేహధర్మం, దానిని తప్పుపట్టరాదు. రెండవది వేరు. చూచినదానిని ఎవరి కినుక కోసమో సన్నగిల్లజేయడానికి కలం ఒకసారి ఒప్పుకొన్నది.

తరువాతి ఇరవైయేళ్ళ చరిత్ర క్లుప్తంగా చెప్పవచ్చును. జపాను దండయాత్ర కాలంలో భార్య హెలెన్ ఫాస్టర్‌తోను, రూయీ ఆలీతోను కలిసి పారిశ్రామిక సహకారసంఘాల ఉద్యమానికి స్నో తోడ్పడినాడు. (నిమ్ వేల్స్ అనే కలంపేరుతో హెలెన్ వ్రాసిన గ్రంథాలకు రావలసినంత పేరు రాలేదు, భర్త నీడ వాటిపై పడినది. 1937లో ఆమె స్వయంగా యెనాన్ వెళ్ళి వచ్చినదన్న సంగతిని స్నోను మెచ్చుకొనేవారిలో చాలామంది మరచిపోతారు.) 1941 జనవరిలో ప్రభుత్వసేనలు కమ్యూనిస్టు నాలుగవ సైన్యంపై పడిన వార్తను బయటపెట్టినందుకు చుంగ్‌కింగ్ ప్రభుత్వం అతని విలేఖరి హక్కులను తొలగించినది. అతడు చైనా విడిచాడు. యుద్ధకాలంలో 'శాటర్డే ఈవెనింగ్ పోస్టు' పక్షాన భారతదేశం, రష్యా తిరిగాడు. యుద్ధానంతరం అమెరికాలో కమ్యూనిస్టు భయం భూతమై పట్టినది. చైనాను గురించి నిజం చెప్పినవారే చైనాను పోగొట్టినవారని నింద పడినది. 1951లో అతడు ఆ పత్రికను విడిచాడు. 1959లో కుటుంబంతో స్విట్జర్లండు చేరాడు. 1958లో వ్రాసిన ఆత్మకథ 'జర్నీ టు ది బిగినింగ్' అతని గ్రంథాలలో అన్నిటికంటె చక్కని వచనమున్నది. ప్రశంసలు మాత్రం తక్కువ.

ఇక 1960. ఇరవై ఏళ్ళ ఎడబాటు తరువాత స్నో చైనాలో అడుగుపెట్టాడు. అయిదునెలలు తిరిగాడు. మావోతో, చౌ ఎన్-లైతో దీర్ఘంగా మాటలాడినాడు. కమ్యూనులు, కర్మాగారాలు, ఆసుపత్రులు చూపించారు, చూచాడు. ఆకలిచావులను గురించి హాంకాంగు నుంచి వస్తున్న వార్తలు సత్యం కావనీ, కొరత ఉన్నదే కాని పూర్వపు అర్థంలో కరువు లేదనీ వ్రాశాడు. అదే సమయంలో చరిత్రకెక్కిన కరువులలోకెల్లా ఘోరమైనది ఆ దేశాన్ని తింటున్నది. 1959-61 మధ్య చనిపోయినవారి సంఖ్యను పరిశోధకులు కోటిన్నర మొదలు నాలుగున్నర కోట్ల దాకా అంచనా కడుతున్నారు.

ఈ తప్పును స్నో అమ్ముడుపోయిన ఫలితమని త్రోసివేసేవారున్నారు. ఆ మాట న్యాయం కాదు. అతడు ధనానికో పదవికో ఆశపడినట్లు అతని జీవితంలో ఎక్కడా కనబడదు. అతని తోవలోనే వెళ్ళిన బ్రిటిషు సేనాని మాంట్‌గోమరీ, ఫ్రాన్సు నాయకుడు మిత్తెరాన్ కూడా కరువు లేదనే చెప్పి వచ్చారు. వారు అతిథులు, కొద్దికాలపు ముఖస్తుతి వారికి క్షమింపదగినది. స్నో వృత్తిచేత సాక్షి. కనుక ప్రశ్న అతనికి మిగులుతుంది.

1929లో అతనికి కరువు గుర్తు తెలియజేసినవి రైలుదారి పక్కన శవాలు, పట్టణవీథులలో బిచ్చగాండ్రు. 1960లో ఆ గుర్తులు కనబడవలసిన చోట కనబడలేదు. కనబడకుండా చేసిన ఏర్పాటు ఒకటి ఉన్నది. పల్లెజనం ఊరు విడిచి పోరాదు. హోనాన్‌లోని షిన్‌యాంగ్ వంటి ప్రాంతాలలో దారులకు కాపలా పెట్టారు, బయటికి పోయే ఉత్తరాలు పట్టుకొన్నారు. ఆకలిగొన్నవాడు బిచ్చమెత్తడానికైనా రోడ్డెక్కలేడు. ఆకలి ఇంటిలోనే ఉండి ఇంటిలోనే చచ్చినది. అంతేకాదు, 1959లో చైనా నలభైలక్షల టన్నులకు పైగా ధాన్యం విదేశాలకు ఎగుమతి చేసినది. గింజ ఒకచోట, ఆకలి మరొకచోట: సుయియువాన్‌లో ఈ లెక్కను పట్టినవాడు స్నోయే. ఆనాడు రైలుపెట్టెలను ఆపినవారెవరని అడిగినవాడు, ఈనాడు గిడ్డంగుల తాళం ఎవరిదని అడగలేదు. పాత కరువు ముఖం అతని మనస్సులో అంత గాఢంగా ముద్రపడినందువల్లనే కొత్త కరువు ముఖం అతనికి ఆనవాలు పట్టలేదని చెప్పవచ్చును. పైగా తాను గుహలలో చూచిన సన్నని యువకులు ఇప్పుడు ప్రభువులు. వారి మాటను 1936లో నమ్మి లోకమంతటినీ నమ్మించినవాడు తాను. ఆ నమ్మకం నిజమయినది కూడా. ఒకసారి నిజమయిన నమ్మకాన్ని మరల తూకం వేయడం మనిషికి కష్టం.

ఆ లోటును పూరించినవాడు కూడా ఒక విలేఖరియే కావడం గమనింపదగినది. షిన్‌హువా వార్తాసంస్థలో జీవితమంతా పనిచేసిన యాంగ్ జిషెంగ్, తనను పెంచిన తండ్రి 1959లో ఆకలితో చనిపోగా, అది ఒక ఇంటి దురదృష్టమేనని చాలాకాలం నమ్మాడు. తరువాత తన ఉద్యోగపు గుర్తింపును అడ్డుపెట్టుకొని రాష్ట్రాల దస్తావేజుశాలలలో కూర్చుండి, ఏండ్ల తరబడి కాగితాలు చదివి, 2008లో హాంకాంగులో 'సమాధిశిల' అన్న అర్థం వచ్చే పేరుతో గ్రంథం ప్రకటించాడు. మృతులు మూడుకోట్ల అరవైలక్షలని అతని లెక్క. అతనికి దుబాసీ అక్కరలేదు. అయినా కండ్లముందరి చావును కరువని గుర్తించడానికి అతనికీ దశాబ్దాలు పట్టినది. కాబట్టి భాష రానందువల్లనే స్నో మోసపోయాడన్న తీర్పు కూడా సగమే సత్యం.

భాష మాట వచ్చినది గనుక చివరి ఘట్టం చెప్పవలె. 1970 అక్టోబరు 1న మావో పక్కన స్నోను తియెనాన్‌మెన్ వేదికపై నిలబెట్టారు. అమెరికాకు అది స్నేహసూచన. వాషింగ్టను పెద్దలు అప్పట్లో ఆ సైగను అందుకోలేదు. డిసెంబరు 18న మావో అతనితో అనేక గంటలు మాటలాడినాడు. నిక్సన్ వస్తే మాటలాడుతానన్న సంగతి ఆ సంభాషణలోనిదే. దానిలోనే మావో తనను గొడుగు పట్టిన సన్యాసితో పోల్చుకొన్నాడు. అది చైనా జనం నోట నలిగిన పొడుపుమాట. సగం చెప్పి ఆపితే మిగిలిన సగం వినేవాడు పూరించుకొంటాడు. సన్యాసిది బోడితల, వెండ్రుక లేదు. గొడుగు అడ్డం, ఆకాశం కనబడదు. ఆ భాషలో వెండ్రుకకూ శాసనానికీ పలుకుబడి ఇంచుమించు ఒక్కటే. ఆకాశమన్నా దైవమన్నా ఒకటే మాట. శ్లేష విప్పితే వచ్చే అర్థం: నాకు శాసనమూ లేదు, దైవమూ లేదు, నన్ను ఆపేవాడు లేడు. పింగళి సూరన్నను చదివినవారికి ఇందులో వింత ఏమీ ఉండదు. కాని స్నోకు ఇంగ్లీషులో అందినది కారే గొడుగు పట్టుకొని లోకంలో ఒంటరిగా నడిచిపోయే సన్యాసి చిత్రం. దర్పోక్తి దైన్యోక్తిగా మారినది. 1971 ఏప్రిలులో 'లైఫ్' పత్రికలో అది అచ్చయినది. వృద్ధనాయకుని ఏకాంతవిషాదాన్ని గురించి పాశ్చాత్యులు ఎంతో వ్రాశారు. సాంస్కృతిక విప్లవం పేరిట దేశాన్ని తలక్రిందులు చేసిన మనిషి తనను గురించి తాను చెప్పుకొన్న అత్యంత నిష్కపటమైన మాట లోకానికి కవిత్వమై చేరినది. ఆ సంవత్సరమే చైనాలో పార్టీవారికి పంచిన సంభాషణ పాఠంలో మాత్రం అసలు నానుడి అట్లే ఉన్నది.

పావో ఆన్ గుహలో అయితే స్నో వ్రాసుకొన్న కాగితం చైనా భాషలోకి మారి చెప్పినవాని వద్దకు తిరిగి పోయి ఉండేది. ఈసారి అటువంటి రాకపోకలు జరగలేదు. అతడు అప్పటికే వ్యాధిగ్రస్తుడు. చైనా ప్రభుత్వం పంపిన వైద్యబృందంతో పాత మిత్రుడు హాతెం స్విట్జర్లండు వచ్చి పడక పక్కన ఉన్నాడు. 1972 ఫిబ్రవరి 15న స్నో చనిపోయాడు; ఆరు రోజుల తరువాత నిక్సన్ విమానం పెకింగులో దిగినది. అస్థికలలో ఒక భాగాన్ని పెకింగు విశ్వవిద్యాలయపు సరస్సు ఒడ్డున, మరొక భాగాన్ని హడ్సన్ నది దగ్గర నిక్షేపించారు. అసంపూర్ణంగా మిగిలిన 'ది లాంగ్ రెవల్యూషన్' ఆ సంవత్సరమే వెలువడినది. అందులోనూ ఆ సన్యాసి కారే గొడుగుతోనే నడుస్తున్నాడు.